మూలంలో ఇలా లేదండీ!

బొమ్మల పుస్తకంలోని వీరుడు సినిమాలోకో టీవీలోకో వచ్చాడంటే జనం నోరు తెరుచుకుని చూస్తారు. బాగుందనుకుంటారు. ఇంటికి పోయి అన్నం తిని పడుకుంటారు. పుస్తకానికీ తెరకీ మధ్య ఎన్ని తేడాలున్నాయో లెక్క తీయకుండా వీళ్లకు నిద్రెలా పడుతుందో నాకు ఈనాటికీ అంతుబట్టదు. ఖమ్మం మొదలు భద్రాచలం దాకా, అది దాటి దుమ్ముగూడెం, చర్ల అడవి అంచుదాకా ఉన్న ప్రేక్షకుల మేలు కోరి ఈ సలహాలు రాస్తున్నాను. శ్రద్ధగా పాటిస్తే సినిమా మీకు నచ్చదు. ఇంకాస్త శ్రద్ధ పెడితే మీ వరసలో కూర్చున్నవాళ్లకూ నచ్చదు.

ముందు సరంజామా. పుస్తకం, పెన్సిలు, ఫోన్‌లో టార్చి. పుస్తకం లేకుండా హాలుకు పోవద్దు. సినిమా నడుస్తుంటే పేజీలు తిప్పుతూ బొమ్మ బొమ్మకూ సరిచూసుకోవాలి. టార్చి వెలుగు ముందువాడి గుండు మీద పడితే వాడు వెనక్కి తిరుగుతాడు. మంచిదే, అప్పుడు వాడికీ ఒక తేడా చెప్పవచ్చు.

తేడా చెప్పడానికి సమయం ముఖ్యం. హాలంతా ఊపిరి బిగబట్టిన క్షణం కోసం కాచుకోండి. 2002లో వచ్చిన 'స్పైడర్‌మాన్' టీవీలో వేస్తున్నారనుకోండి. కుర్రాడు మొదటిసారి మణికట్టులోంచి దారం వదులుతాడు. మీ పక్కనున్న పిల్లాడి కళ్లు పెద్దవవుతాయి. సరిగ్గా అప్పుడే భుజం తట్టి, "అసలు పుస్తకంలో ఆ దారం ఒంట్లోంచి రాదు, బిడ్డా. 1962లో కథ రాసినప్పుడు వాడే ఒక యంత్రం తయారుచేసి చేతికి కట్టుకున్నాడు" అని చెప్పాలి. పిల్లాడు మీ వంక చూస్తాడు. మళ్లీ తెర వంక చూసేసరికి స్పైడర్‌మాన్ నాలుగు భవనాలు దాటి ఉంటాడు. మీ పని అయిపోయింది.

ఇంట్లో చూసేటప్పుడైతే రిమోట్ మీ గుప్పిట్లో ఉండాలి. ఓటీటీ వచ్చాక మనలాంటివాళ్లకు రోజులు కలిసొచ్చాయి. ఆపి చెప్పొచ్చు, వెనక్కి తిప్పి చెప్పొచ్చు. రెండు గంటల సినిమాను ఐదు గంటలు నడిపించవచ్చు. అడవి పక్క ఊళ్లలో గాలివాన వస్తే కరెంటు పోతుందని భయపడకండి. చీకట్లో కూడా తేడాలు చెప్పుకోవచ్చు, పైగా అప్పుడు లేచి వెళ్లిపోవడానికి ఎవరికీ దారి కనపడదు.

కొత్తగా ఈ దారిలోకి వచ్చినవాళ్లు చందమామతో సాధన మొదలుపెట్టాలి. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసులో మొదలుపెట్టిన పత్రిక అది. శంకర్ వేసిన విక్రమార్కుడు తెలియని తెలుగువాడు ఉండడు: భుజాన శవం, చేతిలో కత్తి, వెనక శ్మశానం. 1985లో రామానంద్ సాగర్ దూరదర్శన్‌కు 'విక్రమ్ ఔర్ బేతాళ్' తీస్తే అరుణ్ గోవిల్ విక్రముడయ్యాడు. ఆ భాగాలను ఇప్పుడు కూడా చూడవచ్చు. టీవీ పక్కన పాత చందమామ తెరిచి పెట్టి భుజం వాలు, కత్తి పట్టు, మీసం పొడవు పోల్చండి. ఒక్కటీ కలవదు. ఎంత హాయి!

ఇక్కడొక ప్రమాదం ఉంది. ఎవడో చదువుకున్నవాడు వచ్చి, "బేతాళ పంచవింశతిలో ఉన్నవి పాతికే కథలు కదా, చందమామలో ఏళ్ల తరబడి నెలనెలా వచ్చినవి ఎక్కడివి?" అని అడుగుతాడు. నిజమే, పాతిక అయిపోయాక చందమామవాళ్లు కథలు అల్లుకుంటూ పోయారు. చివర్లో బేతాళుడి ప్రశ్న తగిలించారు, శవాన్ని చెట్టెక్కించారు. దశాబ్దాలపాటు దింపనే లేదు. అంటే మీరు మూలం అని గుండెకు హత్తుకున్నదే మూలం దాటి ఎప్పుడో పోయింది. ఈ ప్రశ్నకు జవాబు ఒక్కటే: "చందమామ చందమామే!" అని గొంతు పెంచడం. గొంతు పెంచితే చాలా ప్రశ్నలు వాటంతటవే తగ్గుతాయి.

అమెరికా వీరుల చరిత్ర జోలికి మాత్రం పోవద్దు. అసలు పుస్తకం ఎలా ఉండేదో చూద్దామని 1938 నాటి మొదటి సూపర్‌మాన్ సంచిక దాకా వెళ్లారా, చెడిపోతారు. అందులో ఆయనకు ఎగరడమే రాదు. పెద్ద పెద్ద అంగలు వేసి దూకేవాడు. గాల్లో తేలిపోవడం 1941లో మొదలైన ఫ్లైషర్ కార్టూన్ల పుణ్యం. ఆయన్ని నీరసింపజేసే క్రిప్టొనైట్ రాయి 1943లో రేడియో నాటకంలో పుట్టి, తర్వాత పుస్తకంలోకి వెళ్లింది. జోకర్ వెంట తిరిగే హార్లీ క్విన్ 1992లో టీవీ కార్టూన్‌లో కనిపించాకే కాగితం మీదికి ఎక్కింది. తెర మీద పుట్టినదాన్ని పుస్తకం ఎరువు తెచ్చుకుంటే ఇక మనం దేన్ని పట్టుకుని దేన్ని తిట్టాలి? ఇలాంటి సంగతులున్న పేజీలు కంటపడితే వెంటనే మూసేయండి. పిల్లలకు అసలు అందనివ్వకండి.

తెలుగు వీరుల దగ్గరికి వద్దాం. 1980లో ఎన్టీఆర్ 'సూపర్‌మాన్' వచ్చింది, దర్శకుడు వి. మధుసూదనరావు. అమెరికా సూపర్‌మాన్ వేరే గ్రహం నుంచి ఊడిపడ్డవాడు. మన సూపర్‌మాన్‌కు బలం ఆంజనేయుడు ఇచ్చాడు. ఈ ఒక్క ముక్క మీద ఒక సాయంత్రమంతా మాట్లాడవచ్చు. ఎదుటివాడు, "ఆంజనేయుడు సముద్రం దూకినప్పుడు అమెరికాలో ఏ పత్రికా లేదు కదయ్యా" అంటే విననట్టు ఉండండి.

2024 సంక్రాంతికి వచ్చిన 'హను-మాన్'లో మాత్రం మన పక్షం మనిషి ఒకడున్నాడు. ప్రశాంత్ వర్మ వాడిని ప్రతినాయకుడిగా పెట్టడం నాకు బాధ కలిగించింది. మైఖేల్ అనే ఆ పిల్లాడు సూపర్‌హీరోల పుస్తకాలు నమిలి మింగినవాడు. సూపర్‌హీరోలందరూ తల్లీదండ్రీ లేనివాళ్లేనని గమనిస్తాడు. తనకు మాత్రం ఇద్దరూ నిక్షేపంలా ఉన్నారు. అడ్డు తొలగించుకుంటాడు. పుస్తకాన్ని ఇంత నిష్ఠగా పాటించినవాడు ఆ సినిమాలో ఇంకొకడు లేడు. హీరో హనుమంతు ఏం చదివాడు? ఏమీ చదవలేదు. మణి దొరికింది, అక్కకు చెప్పాడు, ఊరిని కాపాడాడు. హాల్లో ఈలలన్నీ వాడికే.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఏ ఊళ్లోనైనా పనిచేస్తాయి. భద్రాచలంలో మాత్రం జాగ్రత్తగా ఉండాలి. మన పద్ధతి తరచుగా దెబ్బతినే చోటు అది.

రామాయణం ఏ రూపంలో తెరకెక్కినా ఇక్కడివాళ్లు తమ ఇంటి సంగతిలా మాట్లాడతారు. 2023లో 'ఆదిపురుష్' వచ్చినప్పుడు దేశమంతా తిట్టింది. హనుమంతుడి మాటలు కొన్ని మార్చక తప్పలేదు. ఆ ఊపులో మీరు కూడా గుడి మెట్ల దగ్గర నిలబడి, "వాల్మీకి రాసినదానికి పిసరంత తేడా వచ్చినా ఒప్పుకోం" అని మొదలుపెడతారు. కొబ్బరికాయలు అమ్మే ముసలమ్మ ఒకతి తలెత్తి, "లోపలికి పోయి సామిని చూసొచ్చినావా నాయనా?" అంటుంది. చూసే ఉంటారు. వాల్మీకి రాముడికి రెండు చేతులు. భద్రాద్రి రాముడికి నాలుగు. ముందు చేతుల్లో విల్లంబులు, వెనక చేతుల్లో శంఖచక్రాలు, అవి కూడా కుడి ఎడమలు తారుమారుగా. ఎడమ తొడ మీద సీతమ్మ. భద్రుడి తపస్సుకు కరిగి వైకుంఠం నుంచి హడావుడిగా దిగివచ్చాడు కాబట్టి అలా ఉన్నాడని స్థలపురాణం. ఆ విగ్రహాలను పుట్టలో కనిపెట్టి తాటాకు పందిరి వేసింది పోకల దమ్మక్క అనే కోయ స్త్రీ అని కూడా ఆ పురాణమే చెబుతుంది. అన్ని లక్షలమంది దండం పెట్టుకునే రాముడు పుస్తకంలో ఉన్నట్టు లేడు. ఆ ముసలమ్మకు మీరు ఏం చెబుతారు? ఏమీ చెప్పకండి. కొబ్బరికాయ కొనండి.

అక్కడినుంచి ఓ ముప్పై అయిదు కిలోమీటర్లు పోతే పర్ణశాల. బంగారు లేడి వచ్చిన చోటు, రావణుడు భిక్షకు నిలబడ్డ చోటు, సీతమ్మ చీర ఆరేసిన బండ, అన్నీ చూపిస్తారు. కథలో ఒక్కో ఘట్టానికీ రంగులేసిన బొమ్మలు నిలబెట్టారు. చుట్టూ నడిచి వస్తే ఒక బొమ్మల పుస్తకం చదివినట్టే. ఇక్కడ మీరు, "పంచవటి నాసిక్‌లో కదా ఉంది?" అని వాదన పెట్టుకోవాలనుకుంటారు. వద్దు. సెలవులకు వచ్చిన ఇంటర్ కుర్రాడెవడో మధ్యలో దూరి, "అది మల్టీవర్స్ అంకుల్" అంటాడు. ముగ్గురు స్పైడర్‌మాన్‌లు ఒకే తెర మీదికి వస్తే డిసెంబర్ చలిలో మొదటి ఆటకు పోయి చప్పట్లు కొట్టినవాడు వాడు. వాడికి రెండు పంచవటులు ఒక లెక్కా?

రామదాసు కథలోనూ మీకు ఊరట లేదు. నేలకొండపల్లి కంచర్ల గోపన్న, పాల్వంచ పరగణా తహసీల్దారు. వసూలైన శిస్తుతో గుడి కట్టించి గోల్కొండ చెరసాలలో పడ్డాడు. అప్పుడు రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీ అని పేర్లు మార్చుకుని, మారువేషంలో తానీషా పడకగదికే వెళ్లి బాకీ కట్టి రసీదు పట్టుకొచ్చారు. పగలు ఒక పేరు, రాత్రి ఒక పేరు, పని అయ్యాక మాయం. ఈ ఒడుపు న్యూయార్క్‌కు చేరడానికి ఇంకా రెండున్నర శతాబ్దాలు పట్టింది. చిత్తూరు నాగయ్య 1964లో తీసిన 'రామదాసు'కూ, 2006లో నాగార్జున చేసిన 'శ్రీరామదాసు'కూ మధ్య తేడాలు కోకొల్లలు. వాటిని నేలకొండపల్లిలో కూర్చుని ఏకరువు పెట్టి చూడండి. "మా నాన్న ఆ నాగయ్యను చూసి ఏడ్చాడు, మా పిల్ల ఈ నాగార్జునను చూసి ఏడ్చింది, నీకేమైంది?" అంటారు.

బాపు మన వైపు ఉంటాడని చాలామంది ఆశ పెట్టుకుంటారు. షూటింగుకు ముందే షాట్లన్నీ బొమ్మలుగా వేసుకునేవాడు కాబట్టి, కాగితం మీదున్నది తెర మీదికి యథాతథంగా ఎక్కిస్తాడని. మరి 1973లో 'అందాల రాముడు' అని పేరు పెట్టి రాజమండ్రి నుంచి భద్రాచలానికి పడవ నడిపాడు కదా, ఆ పడవలో వాల్మీకికి చోటిచ్చాడా? ముళ్లపూడిని ఎక్కించుకున్నాడు. గోదావరిని చూపించాడు. జనం ఆ పడవ దిగలేదు.

ఇంకొక చోటికి అసలు పోవద్దు. మణుగూరు వైపు కోయగూడేలకు. కోయల్లో డోలీలని గాయకులున్నారు. వాళ్ల దగ్గర పడిగె అని ఒక గుడ్డ ఉంటుంది. దానిమీద ఒక్కో గొట్టు, అంటే వంశం, వేల్పుల కథ బొమ్మల్లో ఉంటుంది. ఆ బొమ్మలను చూపిస్తూ డోలు వాయిస్తూ కథ పాడతారు. కూనవరం సకిని రామచంద్రయ్య ఈ విద్యలో పెద్ద దిక్కు. సమ్మక్క సారలమ్మల కథ, పగిడిద్దరాజు కథ ఆయన నోట వినాలి. 2022లో పద్మశ్రీ ఇచ్చారు, 2024లో కన్నుమూశారు. బొమ్మల కథను జనం ముందుకు తెచ్చే పని ఈ అడవిలో ఎన్ని తరాలుగా సాగుతోందో చెప్పడం కష్టం. మీరు అక్కడికి పెన్సిలు పట్టుకుపోతే ఎంత అప్రతిష్ఠ! గుడ్డ మీద బొమ్మ కదలదు, మాట్లాడదు. కదిలించేది పాట. కూర్చున్నది ఎవరు, తెల్లవారడానికి ఇంకెంత ఉంది అన్నదాన్ని బట్టి పాట పెరుగుతుంది, తరుగుతుంది. ఏ పేజీలో ఏముందని అడుగుతారు? పేజీయే లేదు. "ఇందాక బొమ్మలో ఇది లేదే" అన్నారనుకోండి, వాళ్లకు కోపం కూడా రాదు. మీకు కథ వినడం చేతకాదని అర్థమై, ఇప్పపూల చెట్టు కింద చాప వేసి పడుకోమంటారు.

ఇక కథ ముందే చెప్పేయడం గురించి. కొందరు దీన్ని నేరంగా చూస్తారు. ఒక మర్యాద పాటిస్తే చాలు. ఆ మర్యాద గోదావరి దగ్గర నేర్చుకోవాలి. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మీరూ అలాగే. పోస్టరు దగ్గర, "ఇందులో ఒకడు చస్తాడు" అనండి. టికెట్టు చించేటప్పుడు, "చచ్చేవాడు ఎర్ర ఇనుప చొక్కా వేసుకుంటాడు" అనండి. ఇంటర్వెల్‌లో సమోసా అందిస్తూ పేరు చెప్పేయండి. మూడు హెచ్చరికలు ఇచ్చాక కూడా ఒడ్డున కూర్చున్నవాడిది వాడి పూచీ. 2022 జులైలో వరద 71 అడుగులు దాటిన ఊళ్లో హెచ్చరిక అంటే ఏమిటో మీరు ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు.

డబ్బింగు సినిమాలను వదలకండి. 2018లో 'ఇన్ఫినిటీ వార్' తెలుగులో వచ్చినప్పుడు థానోస్‌కు గొంతు ఇచ్చింది రానా. వెంటనే హాల్లో సగంమంది, "భల్లాలదేవుడు రా!" అని అరిచే రకం మన జనం. వేరే గ్రహం నుంచి వచ్చిన ఊదారంగు రాక్షసుడు మాహిష్మతి యాసలో బెదిరిస్తుంటే వాళ్లకు ఇంకా ఎక్కువ భయమేసింది, ఇంకా ఎక్కువ సంతోషమేసింది. మీరు మాత్రం పెదాల కదలికకూ మాటకూ మధ్య ఎంత ఎడం ఉందో గడియారం పట్టి చూడండి.

చరిత్ర మీద కట్టిన సినిమాలైతే పటం కూడా తీసుకుపోవాలి. చిన్నప్పుడు అమర్ చిత్ర కథలు చదివి పెరిగానని చెప్పుకునే రాజమౌళి 2022లో 'ఆర్ఆర్ఆర్' తీశాడు. అల్లూరి సీతారామరాజు 1924లో అమరుడయ్యాడు. కొమరం భీం 1940లో జోడేఘాట్‌లో. ఇద్దరూ ఎప్పుడూ కలవలేదు. తెర మీద మాత్రం ఒకడు ఇంకొకడిని భుజాల మీద ఎక్కించుకుంటే పైవాడు తుపాకులు పేల్చాడు. లేచి నిలబడి పటం విప్పండి. ఆ రోజుల్లో భద్రాచలం ఒడ్డు మద్రాసు ప్రెసిడెన్సీలోది, ఎదురుగా బూర్గంపహాడ్ ఒడ్డు నిజాముది, అల్లూరి ఒక దొరతనం మీద, భీం ఇంకొక దొరతనం మీద తిరగబడ్డారు అని వివరించండి. ఎవరైనా, "అందుకేనేమో ఇద్దరినీ కలిపాడు" అని గొణిగితే పటం మడిచేయండి. అయినా ఈ ప్రాంతపు పటం నమ్మదగిందేమీ కాదు. భద్రాచలం 1959లో ఖమ్మం జిల్లాలో కలిసింది. 2014లో ఊరు తెలంగాణలో ఉండి, చుట్టూ పల్లెలు చాలావరకు ఆంధ్రకు పోయాయి. 2016లో జిల్లా పేరే మారింది. భద్రాచలం రోడ్ అన్న రైల్వే స్టేషన్ నలభై కిలోమీటర్ల అవతల కొత్తగూడెంలో ఉంది. పేరుకూ ఊరికీ పొంతన లేకపోయినా జనం దిగాల్సిన చోటే దిగుతారు. వీళ్లను మార్చడం నా వల్ల కాలేదు.

ఇంట్లో చిన్నపిల్లలుంటే ఛోటా భీమ్ నుంచి కాపాడుకోండి. హైదరాబాద్ గ్రీన్ గోల్డ్‌వాళ్లు 2008లో టీవీలో మొదలుపెట్టారు. తర్వాత బొమ్మల పుస్తకాలు వచ్చాయి, 2024లో మనుషులతో సినిమా కూడా తీశారు. వ్యాసుడు భీముడి తిండి గురించి చాలా చెప్పాడు గానీ ఢోలక్‌పూర్ లడ్డూల మాట ఎక్కడా అనలేదు. మూడేళ్ల మనవరాలికి ఆదిపర్వం చదివి వినిపించండి. లేచి వచ్చి మీ ఒళ్లో కూర్చుని, "తాతా, లడ్డూ ఉందా?" అంటుంది. ఇక్కడ మెత్తబడితే మొత్తం సాధన పోతుంది.

పేర్లు పడేదాకా ఎవర్నీ లేవనివ్వకండి. చివర్లో ఒక ముక్క వస్తుందని మీకు తెలుసు, వాళ్లకు తెలియదు. 2019లో 'ఎండ్‌గేమ్'ను మూడు గంటలు చూసి, ఖమ్మం నుంచి భద్రాచలానికి చివరి బస్సు పోతున్నా కదలకుండా కూర్చున్నవాళ్లకు దక్కింది సుత్తి చప్పుడు. అదైనా పూర్తిగా విన్నాక ఆటో మాట్లాడుకోండి. నూట ఇరవై కిలోమీటర్లకు ఆటోవాడు అడిగే డబ్బు వింటే పిల్లలకు సినిమా పట్ల గౌరవం పెరుగుతుంది.

చివరగా ఒక అత్యవసర చికిత్స. ఎంత జాగ్రత్తపడ్డా ఒక్కోసారి మీ నోటినుంచి ఈల వచ్చేస్తుంది. వీరుడు కొండ మీదినుంచి దూకుతుంటాడు, డోలు మోగుతుంటుంది, పుస్తకం ఒళ్లోంచి జారిపోతుంది. పక్కవాడు మీ వైపు తిరిగి నవ్వుతాడు. కంగారుపడకండి. కండక్టర్ని పిలిచానని చెప్పండి. హాల్లో కండక్టర్ ఎవరని అడిగితే, మూలంలో ఉన్నాడని చెప్పండి.